జెరాల్డ్ ఆంజియర్: సూరత్ వర్తకుడు, బొంబాయి పాలకుడు

జెరాల్డ్ ఆంజియర్ (సుమారు 1640–1677) ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సూరత్‌కు వచ్చి, 1669 నుంచి మరణించేదాకా సూరత్ కొఠీకి అధ్యక్షుడుగాను, బొంబాయి దీవికి గవర్నరుగాను పనిచేసినవాడు. లాభనష్టాల లెక్కలతో జీవితం మొదలుపెట్టి శాసనం, న్యాయం, సైన్యం, సంధి అనే రాజ్యాంగాల్లోకి అడుగుపెట్టిన తొలితరం బ్రిటిష్ వర్తకుల్లో ఈయనది ముఖ్యమైన స్థానం. ఎన్నికలు, పక్షాలు అనే నేటి అర్థంలో ఆంజియర్ రాజకీయ నాయకుడు కాడు. అయినా పన్ను ఎంత ఉండాలి, తగవు ఎవరు తీర్చాలి, ఎవరి మతం జోలికి ఎవరు పోరాదు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చిన నాటి నుంచి ఆయన చేసినది రాజకీయమే. బొంబాయి నగర స్థాపకుడుగా చరిత్రకారులు ఆయనను కీర్తించడం పరిపాటి. అయితే బొంబాయిలో ఆయన అమలుచేసిన పద్ధతుల మూలాలు లండన్‌లోకన్నా సూరత్ బజారులోనే ఎక్కువగా దొరుకుతాయి. సూరత్ వర్తకులకు ఏది కొరవడిందో, దేనికోసం వాళ్ళు ఇల్లూ దుకాణమూ వదిలి వెళ్ళగలరో కళ్ళారా చూసిన మనిషి చేసిన పాలన అది.

సూరత్, కంపెనీ కొఠీ

తపతీనది ఎడమ ఒడ్డున, సముద్రానికి కొద్ది దూరంలో ఉన్న సూరత్ పదిహేడో శతాబ్దంలో మొగలు సామ్రాజ్యానికి ప్రధాన రేవుపట్నం. హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడినుంచే బయలుదేరేవి గనుక దీనికి మక్కా ద్వారమన్న పేరు ఉండేది. నదిలో ఇసుకమేటలు ఎక్కువై పెద్ద ఓడలు పట్నందాకా రాలేక, పడమటి తీరాన ఉన్న సువాలీ వద్ద లంగరు వేస్తే, సరుకు అక్కడినుంచి చిన్న పడవల మీదా ఎద్దుబండ్ల మీదా ఊళ్ళోకి చేరేది. 1608లో విలియం హాకిన్స్ ‘హెక్టర్’ అనే ఓడలో వచ్చి వ్యాపారానికి అనుమతి కోరాడు. 1612లో సువాలీ దగ్గర పోర్చుగీసు నౌకలను ఇంగ్లిషువారు ఎదిరించి నిలిచాక మొగలు అధికారులు వాళ్ళను లక్ష్యపెట్టడం మొదలైంది. ఆ తరువాతనే కొఠీ స్థిరపడింది. తెలుగు తీరాన మచిలీపట్నంలో 1611లోనే ఇంగ్లిషువారు కొఠీ తెరిచారు కాబట్టి, ఈ రెండు రేవుల కథ దాదాపు ఒకే కాలంలో మొదలైందనాలి.

కొఠీ అంటే వస్తువులు తయారుచేసే కర్మాగారం కాదు. కంపెనీ ఉద్యోగులు కాపురముండే ఇల్లు, లెక్కలు రాసే కచేరీ, సరుకు నిల్వచేసే గిడ్డంగి, అన్నీ ఒకే ప్రహరీలో ఉన్న పెద్ద భవనం అది. అందరూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు, ఉదయమూ సాయంత్రమూ ప్రార్థన జరిగేది, రాత్రి తలుపులు మూసేవారు. ఉద్యోగుల్లో రైటరు, ఫ్యాక్టరు, మర్చంటు అనే మెట్లు ఉండేవి. రైటరుకు ఏడాదికి 10 పౌన్లు, అందరికీ పైనున్న అధ్యక్షుడికి 500 పౌన్లు జీతమని ఆ కాలపు వైద్యుడు జాన్ ఫ్రయర్ రాశాడు. రైటరు జీతంతో ఎవరికీ జరుగుబాటు కాదు గనుక, ఆసియా రేవుల మధ్య సొంత వ్యాపారం చేసుకోవడానికి కంపెనీ కొంతమేరకు సందు ఇచ్చింది. దీనివల్ల కొఠీలోని ప్రతి ఉద్యోగికీ రెండు లెక్కలు ఉండేవి, ఒకటి కంపెనీది, ఒకటి తనది.

ఈ కొఠీ మొత్తం సూరత్ బనియా వర్తకులమీద ఆధారపడి నడిచింది. వీర్జీ వోరా వంటి శ్రీమంతుడి దగ్గర కంపెనీయే అప్పుతెచ్చుకునేది. షరాబులు నాణేల మారకం చూసేవారు, హుండీలు రాసేవారు. అహమ్మదాబాదు దగ్గరి సర్ఖేజ్ నీలిమందునూ గుజరాతు నూలు బట్టనూ బేరం చేసి తెచ్చే బాధ్యత దళారిది. మన తీరంలో దుబాసీకి ఉన్న పలుకుబడి వంటిదే సూరత్‌లో దళారికి ఉండేది. ఆంజియర్ కాలంలో ఆ స్థానంలో ఉన్న భీమ్‌జీ పరేఖ్ ఈ వ్యాసంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు.

ఉద్యోగ జీవితం, రెండు దాడులు

ఆంజియర్ ఐర్లండులో స్థిరపడిన ఒక కులీన కుటుంబానికి చెందినవాడు. డబ్లిన్ నగరంలో ఆంజియర్ వీధి నేటికీ ఆ వంశం పేరనే ఉంది. 1662లో సూరత్ చేరిన ఆయనకు పై అధికారి సర్ జార్జ్ ఆక్సెండెన్. 1664 జనవరిలో శివాజీ సూరత్ మీదికి వచ్చినప్పుడు మొగలు అధికారి ఇనాయత్‌ఖాన్ కోటలో దాక్కోగా, రక్షించేవారు లేక పట్నం నాలుగు రోజులు దోపిడీకి గురైంది. వీర్జీ వోరా ఇల్లు కూడా కొల్లపోయింది. ఆక్సెండెన్ మాత్రం కొఠీ తలుపులు వేసుకుని, ఓడల్లోని నావికులను రప్పించి, తుపాకులతో నిలబడి దాన్ని కాపాడుకున్నాడు. ఔరంగజేబు సంతోషించి ఆక్సెండెన్‌కు ఖిల్లతు అనే గౌరవ వస్త్రం పంపి, కంపెనీకి సుంకంలో తగ్గింపు ఇచ్చాడు. పన్ను వసూలుచేసే ప్రభుత్వం పన్ను కట్టేవారిని కాపాడలేకపోయిందన్న మాట ఆ నాలుగు రోజుల్లో ఊరందరికీ తెలిసివచ్చింది.

1669 జులై 14న ఆక్సెండెన్ మరణించగా ఆంజియర్ అధ్యక్షుడయ్యాడు. ఏడాది దాటిందో లేదో, 1670 అక్టోబరు ఆరంభంలో రెండో దాడి వచ్చింది. ఆంజియర్, సలహామండలి అప్పటికే సరుకుతోపాటు సువాలీలో ఉన్నారు. కొద్దిమంది నావికులతో ఊళ్ళోని కొఠీని నిలబెట్టినవాడు స్ట్రెయిన్‌షాం మాస్టర్ అనే యువ ఉద్యోగి. పక్కనే సరాయిలో దిగివున్న కష్గర్ మాజీ రాజు ధనమంతా పోయింది గాని ఇంగ్లిషు కొఠీ దక్కింది. తెలుగు పాఠకులకు మాస్టర్ ముఖ్యుడు. ఆయనే తరువాత మద్రాసు గవర్నరై, మచిలీపట్నం, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం కొఠీలను తనిఖీచేసి వివరమైన దినచర్య రాసిపెట్టాడు. సన్నని నూలుబట్టకు మడపోలం అన్న పేరు ఆ మాధవాయపాలెం నుంచే వచ్చింది. కొఠీ లెక్కలూ రికార్డులూ క్రమబద్ధంగా ఉంచాలన్న మాస్టర్ పట్టుదల సూరత్‌లో అబ్బినదే.

1669 బనియాల వలస

పై రెండు దాడులకన్నా ఆంజియర్ ఆలోచనను ఎక్కువగా మలచిన ఘటన వాటి నడుమ జరిగింది. సూరత్ ఖాజీ బలవంతపు మతమార్పిళ్ళకు దిగి, మందిరాల విషయంలో డబ్బు గుంజుతూ వేధించడంతో, 1669 సెప్టెంబరులో సుమారు ఎనిమిది వేలమంది బనియాలు, కుటుంబాలను ఊళ్ళోనే ఉంచి, ఒక్కుమ్మడిగా బయలుదేరి భరూచ్‌కు వెళ్ళిపోయారు. ఆయుధం పట్టనివారి తిరుగుబాటు ఇది. అంగళ్ళు మూతపడ్డాయి, షరాబుల గద్దెలు ఖాళీ అయ్యాయి, సుంకపు కచేరీకి రాబడి ఆగిపోయింది. ఖాజీ ఎంత మండిపడినా సూరత్ పాలకుడు వాళ్ళను బలవంతాన వెనక్కు తేలేదు. చివరకు రక్షణ కల్పిస్తామని ఔరంగజేబు నుంచి హామీ వచ్చాకనే, డిసెంబరులో వాళ్ళు తిరిగివచ్చారు.

బయలుదేరే ముందు భీమ్‌జీ పరేఖ్, మరికొందరు పెద్దలు ఆంజియర్‌ను కలిసి బొంబాయి వెళ్ళి స్థిరపడితే ఎలా ఉంటుందని అడిగారు. కంపెనీకి బొంబాయి దక్కి అప్పటికి ఒక్క ఏడాదే అయింది, అక్కడ వర్తకులు లేరు, ఇంత మంచి అవకాశం మరొకటి దొరకదు. అయినా ఆంజియర్ ఔనలేదు. అంతమందిని తీసుకుపోతే మొగలు ప్రభుత్వం కోపం సూరత్ కొఠీ మీద పడుతుందని లెక్కవేసి, చక్రవర్తికి మొరపెట్టుకోమనీ, అహమ్మదాబాదు వెళ్ళమనీ సలహా ఇచ్చి, బొంబాయికి మెల్లమెల్లగా వస్తే మేలని సూచించాడు. ఆయన కంపెనీకి రాసిన ఉత్తరమే ఈ ఘటనకు నేడు ముఖ్యమైన ఆధారం. ఇక్కడ వర్తకుడి జాగ్రత్త, రాజకీయవేత్త ఓర్పు రెండూ కలిసి పనిచేశాయి. అంతకన్నా గమనించవలసింది ఒకటుంది: బొంబాయిని వర్తకుల ఊరుగా చేయాలన్న ఆలోచన కంపెనీ వారికన్నా ముందు సూరత్ బనియాల నోటనే స్పష్టంగా వినబడింది. స్థాపకుల పేర్లు చెప్పుకునేటప్పుడు భీమ్‌జీ పరేఖ్‌ను వదిలిపెట్టడం న్యాయం కాదు.

బొంబాయి పాలన

బొంబాయి దీవి 1661 వివాహ ఒప్పందం ప్రకారం పోర్చుగల్ రాకుమారి కేథరిన్ కట్నంలో భాగంగా రెండో చార్లెస్‌కు సంక్రమించింది. దాన్ని పోషించడం రాజుకు భారమై, 1668లో ఏడాదికి 10 పౌన్ల బంగారు నాణేల కౌలుకు కంపెనీకి ఇచ్చివేశాడు. ఇంత తక్కువ కౌలుకు కంపెనీకి దక్కినది లాభం తెచ్చే ఆస్తి కాదు: ఉప్పునీళ్ళు కమ్మే పల్లపు నేలలు, ఏటా వర్షాకాలంలో ప్రాణాలు తీసే జ్వరాలు, పోర్చుగీసు కాలపు భూతగాదాలు, జీతం అందక గొణుగుతున్న సిపాయిలు. 1670 ఆరంభంలో కొద్దివారాలు వచ్చి చూసి, బొంబాయి, మాహిం అని రెండు విభాగాలు చేసి చిన్న న్యాయస్థానాలు ఏర్పాటుచేసిన ఆంజియర్, 1672 జూన్ నుంచి 1675 సెప్టెంబరు దాకా అక్కడే ఉండి పాలన సాగించాడు. ఆయన కీర్తికి ఆధారమంతా ఈ మూడేళ్ళదే.

ముందుగా భూమి సంగతి తేల్చాడు. పోర్చుగీసు కాలపు పట్టాల్లో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో ఒక్కొక్కటిగా విచారిస్తే ఏళ్ళు పట్టేది, ఆ లోగా ఎవరూ నేల మీద పైసా ఖర్చుపెట్టరు. అందుకని భూస్వాములందరితో కలిపి ఒకే ఒప్పందం చేసుకున్నాడు: వాళ్ళు కలిసికట్టుగా ఏటా 20,000 జెరాఫిన్‌లు, అంటే పోర్చుగీసు ఇండియాలో చెలామణి అయిన వెండి నాణేలు, కంపెనీకి చెల్లిస్తారు, బదులుగా కంపెనీ వాళ్ళ హక్కులను గుర్తిస్తుంది. 1672లో కుదిరి, 1674లో ఖాయమైన ఈ ఏర్పాటును చరిత్ర గ్రంథాలు ‘ఆంజియర్ ఒడంబడిక’ అంటున్నాయి. దావా వేసి గెలవడంకన్నా రాజీపడి నిలకడైన రాబడి తెచ్చుకోవడం మేలన్నది అచ్చంగా బజారు బుద్ధి. అయితే దీని కింద భూస్వాములకు సైనిక సేవ కూడా తప్పనిసరి అయింది.

1672 ఆగస్టు 1న పోర్చుగీసు చట్టం రద్దయి ఇంగ్లిషు చట్టం అమలులోకి వచ్చినట్టు ప్రకటించారు. ఒక వారం తరువాత, ఆగస్టు 8న, జార్జ్ విల్‌కాక్స్ న్యాయాధిపతిగా న్యాయస్థానం తెరిచిన నాటి ఊరేగింపు వర్ణన నేటికీ మిగిలింది. అందరికన్నా ముందు ఆకుపచ్చ దుస్తుల్లో యాభైమంది భండారీలు, అంటే కల్లుగీత వృత్తిగల స్థానిక కులంవారు, జంటలు జంటలుగా నడిచారు. వారి వెనుక హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఇరవయ్యేసి మంది చొప్పున తమతమ సముదాయాల ప్రతినిధులుగా సాగారు. ఆ తరువాత గవర్నరుగారి అలంకరించిన గుర్రం, బాకాలు, నగారా, గుర్రాలమీద సలహామండలి సభ్యులు, పల్లకీలో ఆంజియర్, చివరన కాలిబంట్లు. ఊరేగింపు బజారు గుండా వెళ్ళి న్యాయస్థానం చేరాక ఆంజియర్ సుదీర్ఘ ప్రసంగం చేస్తూ, జాతి మత భేదం లేకుండా, భయమో పక్షపాతమో లేకుండా తీర్పు చెప్పాలని న్యాయాధిపతికి ఆదేశించాడు. ఆ ఊరేగింపు వట్టి ఆడంబరం కాదు. పట్టపగలు బజారులో నడిచిన ఆ వరుస, ఈ ఊళ్ళో ఎవరెవరికి చోటుందో చదువురాని వాడికి కూడా తెలియజెప్పింది. మొగలు కొలువు మర్యాదలు, పల్లకీ, నగారా ఇంగ్లిషు చట్టానికి ముందు నడవడంలో సూరత్ నేర్పిన పాఠం కనిపిస్తుంది.

చిన్న తగవులు కోర్టుదాకా రాకుండా ప్రతి సముదాయమూ తన పెద్దలను ఎన్నుకుని పంచాయతీగా ఏర్పడి, తమలో తాము తీర్చుకోవచ్చునని ఆంజియర్ అంగీకరించాడు. సూరత్‌లో బనియాల మహాజనం, అంటే వర్తకుల కులసంఘం, వేలమందిని ఒక్కరోజులో ఊరు దాటించగలిగిన శక్తి ఎటువంటిదో 1669లో చూసిన వ్యక్తికి, అటువంటి సంఘాలను అణచడంకన్నా పాలనలో భాగం చేసుకోవడమే తెలివని తోచి ఉండాలి. 1672లోనే టంకశాల పని మొదలై, వెండి, రాగి, తగరపు నాణేలు వెలువడ్డాయి. పార్శీలు మృతదేహాలను ఉంచే దఖ్మా కట్టుకోవడానికి మలబారు గుట్టమీద చోటు దొరికినది కూడా ఈ దశాబ్దంలోనే. దీవి జనాభా ఆయన హయాంలో పదివేల నుంచి అరవైవేలకు పెరిగిందని ఆ కాలపు రాతల్లో ఉన్న అంకె తరచు వినిపిస్తుంది. లెక్కపెట్టి చెప్పినది కాదు గనుక దాన్ని అంచనాగానే తీసుకోవాలి.

యుద్ధం, దౌత్యం

1673 ఫిబ్రవరిలో రైక్లాఫ్ వాన్ గోయెన్స్ నాయకత్వంలో డచ్చి నౌకాదళం బొంబాయి ముందు నిలిచింది. కోట గోడలు పూర్తికాకపోయినా ఆంజియర్ తానే నిలబడి రక్షణ ఏర్పాట్లు చేయించాడు. భూస్వాముల దళం, సిపాయిలు, నావికులు సిద్ధంగా ఉండడం చూసి డచ్చివారు దాడి చేయకుండానే వెనుదిరిగారు. మరుసటి ఏడాది శివాజీతో స్నేహం కుదుర్చుకోవడానికి హెన్రీ ఆక్సెండెన్‌ను రాయగఢ్‌కు పంపాడు. 1674 జూన్ 6న జరిగిన పట్టాభిషేకాన్ని ఆక్సెండెన్ కళ్ళారా చూసి రాసిపెట్టినందువల్ల, వర్తక బేరం కోసం సాగిన ఆ ప్రయాణం మరాఠా చరిత్రకు విలువైన సాక్ష్యమైంది. మరాఠాలు కొల్లగొట్టిన రాజాపూర్ ఇంగ్లిషు కొఠీకి పరిహారం, మరాఠా రాజ్యంలో వ్యాపార స్వేచ్ఛ ఒప్పందంలోని ముఖ్యాంశాలు. సూరత్‌ను రెండుసార్లు కొల్లగొట్టిన రాజుతో స్నేహం చేస్తూనే, ఆ సూరత్‌కు ప్రభువైన ఔరంగజేబును నొప్పించకుండా, మొగలుల పక్షాన ఉన్న జంజీరా సిద్దీల నౌకలు బొంబాయి రేవులో వర్షాకాలం గడుపుతామంటే పూర్తిగా కాదనకుండా నెట్టుకురావడం కత్తిమీద సాము.

అయినా ఆంజియర్‌ను శాంతిదూతగా చిత్రించడం సరికాదు. 1677 జనవరిలో కంపెనీకి రాసిన ఉత్తరంలో, ఇకమీదట చేత ఖడ్గం ధరించే వర్తకం సాగించవలసిన కాలం వచ్చిందని ఆయన స్పష్టంగా చెప్పాడు. కోటలకు ఖర్చు పెంచుతున్నాడని అంతకుముందు ఆయననే మందలించిన కంపెనీ, దశాబ్దం గడిచేసరికి సర్ జొసయ్యా చైల్డ్ నాయకత్వంలో ఆ ఖడ్గాన్ని మొగలుల మీదే దూసింది. పార్లమెంటు సభ్యత్వమూ కంపెనీ గవర్నరు పదవీ కూడా చేసిన లండన్ వర్తకుడు చైల్డ్‌కు సూరత్ బజారు అనుభవం లేదు. యుద్ధం బెడిసి, సిద్దీ యాకూబ్ బొంబాయిని ముట్టడించి, చివరకు కంపెనీ లక్షన్నర రూపాయల జరిమానా చెల్లించి ఔరంగజేబును క్షమాపణ వేడుకోవలసి వచ్చింది. ఆ జరిమానాలో ఆంజియర్ మాటకు కూడా వాటా ఉంది.

ముద్రణ యంత్రం, నీమా పరేఖ్ షరతులు

ఆంజియర్ వ్యవహారశైలి పెద్ద సంధుల్లోకన్నా రెండు చిన్న దస్తావేజుల్లో బాగా తెలుస్తుంది. భీమ్‌జీ పరేఖ్‌కు ప్రాచీన బ్రాహ్మణ గ్రంథాలను అచ్చువేయించాలన్న కోరిక కలిగి, ముద్రాపకుణ్ణి పంపమని అడిగితే, ఆంజియర్ మండలి 1670లో ఆ విన్నపాన్ని లండన్‌కు పంపింది. ఖర్చు భీమ్‌జీదే. 1674లో యంత్రంతో, అక్షరాలతో, కాగితంతో హెన్రీ హిల్స్ అనే ముద్రాపకుడు ఏడాదికి 50 పౌన్ల జీతం మీద వచ్చాడు. అతనికి ఇంగ్లిషు అచ్చు తెలుసుగాని బనియా లిపి అక్షరాలు చెక్కి పోతపోయడం చేతకాలేదు. సొంత లిపిలో పుస్తకం చూడాలని సొంత డబ్బుతో సముద్రం అవతలనుంచి యంత్రం తెప్పించిన ఆ గుజరాతీ దళారి తపన ఫలించకపోవడం భారతీయ ముద్రణ చరిత్రలో నిజంగా బాధ కలిగించే సంగతి.

రెండోది 1677 మార్చి నాటిది. దీవుకు చెందిన నీమా పరేఖ్ అనే బనియా బొంబాయి రావడానికి సిద్ధపడి, ముందుగా కాగితం మీద హామీలు కోరాడు. తన మతాచారాలకు, దహన సంస్కారాలకు అడ్డురాకూడదు. తనవారిలో ఎవరినీ బలవంతాన క్రైస్తవంలో కలపకూడదు. తన ఆవరణలో ఇంగ్లిషువాడుగాని పోర్చుగీసుగాని ముస్లిముగాని కాపురముండరాదు, జీవహింస చేయరాదు. కావలి విధి తనకు వద్దు. ఎవరైనా తనమీద దావా వేస్తే ముందుగా తెలియజేయాలి. యుద్ధం వస్తే సరుకు, సొమ్ము, కుటుంబం దాచుకోవడానికి కోటలో చోటు ఇవ్వాలి. ఒక్కొక్క షరతు వెనుకా సూరత్ అనుభవం పొంచి ఉంది: మొదటి మూడింట ఖాజీ నీడ, చివరిదాంట్లో 1664 నాటి మూసిన కోట తలుపులు. అప్పటికి సూరత్‌కు తిరిగివచ్చి ఉన్న ఆంజియర్ అధ్యక్షత కింద ఈ కోరికలకు ఆమోదం లభించింది. పాలకుడూ వర్తకుడూ కూర్చుని రాసుకున్న ఈ ఒడంబడికకు, భారతదేశంలో బ్రిటిష్ పాలన తొలిదశ స్వభావం తెలుసుకోగోరేవారు మరింత విలువ ఇవ్వవలసి ఉంది.

మరణం, తరువాతి కాలం

అనారోగ్యంతో ఏళ్ళ తరబడి బాధపడిన ఆంజియర్ 1677 జూన్ 30న సూరత్‌లోనే కన్నుమూశాడు. థామస్ రోల్ట్ ఆయన తరువాత అధ్యక్షుడయ్యాడు. సూరత్ ఇంగ్లిషు శ్మశానంలో క్రిస్టఫర్, జార్జ్ ఆక్సెండెన్ సోదరులకు మొగలు రౌజాల తీరున గుమ్మటాలతో కట్టిన సమాధిభవనం ఇప్పటికీ ఉంది. అందులో 1659లో పోయిన క్రిస్టఫర్ మీది శాసనం చావును జమాఖర్చుల భాషలో, లాభమెంత నష్టమెంత అన్న ధోరణిలో చెబుతుంది.

1687లో కంపెనీ పశ్చిమ తీర ప్రధాన స్థానం సూరత్ నుంచి బొంబాయికి మారింది. బనియాలు, పార్శీలు, చేతిపనివారు ఒకరి వెనుక ఒకరుగా ఆ దారి పట్టారు. 1736లో సూరత్ ఓడల వడ్రంగి లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా కూడా కొందరు పనివాళ్ళను వెంటబెట్టుకుని బొంబాయి చేరి, అక్కడి ఓడల నిర్మాణశాలకు ప్రాణంపోశాడు. సూరత్ రేవు క్రమంగా వెలవెలబోయింది. 1759లో కంపెనీ సూరత్ కోటను వశపరచుకుంది. 1664లో ఇనాయత్‌ఖాన్ దాక్కున్న ఆ కోట బురుజులమీద ఆ తరువాత చాలాకాలం మొగలు జెండా, ఇంగ్లిషు జెండా రెండూ ఎగిరాయి.